మగ్గాలు ఆగిన గంట

మా ఒంటిగది ఖోలీకీ బుచ్చిరాములు సేటు కార్ఖానాకూ మధ్య ఒకే గోడ. అటువైపు పన్నెండు మరమగ్గాలు, ఇటువైపు మా మంచం. ఇరవై రెండేళ్లు ఆ చప్పుడులోనే నేను పిల్లల నోటుబుక్కులు దిద్దాను, నా భార్య సుశీల వంట చేసింది, ఇద్దరం మాట్లాడుకున్నాం. మా కనేరి బస్తీలో ఎవరూ మగ్గాల చప్పుడు గురించి ఫిర్యాదు చేయరు. కరెంటు పోయినప్పుడు మాత్రం అందరం ఒకసారి తలెత్తి చూస్తాం.

పోయిన ఏడాది ఏప్రిల్‌లో పరేల్ ఆసుపత్రి డాక్టర్లు సుశీలను ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కడుపులో మొదలైన జబ్బు ఎముకల దాకా వచ్చింది. నొప్పికి మందులు రాసిచ్చారు. ఆ మందులతో నొప్పి కొంత తగ్గింది కానీ నిద్ర రాలేదు.

"చప్పుడు గోడల కెల్లి వస్తలేదు," అంది ఒక రోజు. "మంచం కోళ్లల్ల కెల్లి వస్తున్నది. నా బొక్కలల్ల ఆడుతున్నయి మగ్గాలు."

కోళ్ల కింద గోనె సంచులు మడిచి పెట్టాను. మంచాన్ని అవతలి గోడకు జరిపాను. పదడుగుల ఖోలీలో అవతలి గోడ అంటే ఎంత దూరం?

నేను తెలుగు మీడియం బడిలో టీచర్ని. ఉదయం ఏడు నుంచి పన్నెండున్నర దాకా బడి. అంతసేపూ సుశీల దగ్గర ఆగమ్మ కూర్చునేది. గల్లీ చివరి ఖోలీ వాళ్లది. ఆమె భర్త యాదయ్య ఇంకొక సేటు దగ్గర రాత్రి పాళీ మగ్గాలు నడిపేవాడు. మొదట్లో ఆగమ్మకు నెలకింత ఇస్తానన్నాను.

"నా బిడ్డకు అక్షరాలు దిద్దిచ్చింది అక్క," అంది. "అప్పుడామె నన్ను పైసలడిగిందా సార్?"

రోజూ సుశీలకు స్నానం ఆమే చేయించేది. వెంట్రుకలు చిక్కు తీసి, నొప్పి పుట్టకుండా వదులుగా జడ వేసేది. నేను బడి నుంచి వచ్చేసరికి ఇద్దరూ నా వంట గురించే మాట్లాడుకుంటూ ఉండేవారు.

"ఇయ్యాల పప్పుల ఉప్పేసిండా సార్, మరిచిండా?"

"రెండుసార్లేసిండు," అనేది సుశీల. "ఒకసారేసి, దిద్ది, మళ్లేసిండు."

సేటును పగటిపూట ఒక గంట మగ్గాలు ఆపమని నేను అడిగి ఉండవచ్చు. మా ఖోలీ కూడా ఆయనదే. పదకొండేళ్లుగా కిరాయి పెంచలేదు. ఎదురుపడినప్పుడల్లా "అమ్మకెట్లున్నది సార్?" అని అడిగేవాడు. "పర్వాలేదు" అనేవాణ్ని. గల్లీలో ఎవరింట్లో జబ్బు మనిషి లేరు, పన్నెండు మగ్గాలు ఆపమని ఏ ముఖంతో అడగాలి అని నాకు నేను చెప్పుకున్నాను. అడిగి, లేదనిపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అదీ అసలు సంగతి.

ఏప్రిల్ చివరి ఆదివారం సాయంత్రం యాదయ్య ఆగమ్మ కోసం వచ్చాడు. ఆమె అప్పుడే నీళ్లకు బయటికి వెళ్లింది. గడపలో నిలబడి మెల్లగా అడిగాడు.

"అక్క పండుకున్నదా సార్?"

"ఎక్కడిది. పగటిపూట ఒక్క గంట ఈ మగ్గాలు బందయితే ఇంత కునుకు పడుతుండె."

"మరి సేటుకు చెప్పకపోయిన్రా? నేను చెప్పన్నా?"

"వద్దులే. ఆయన్ను ఇబ్బంది పెట్టుడెందుకు."

యాదయ్య గోడ వైపు చూశాడు. అప్పుడు నేను ఇంకొక మాట కూడా అన్నాను. "ఒంటిగంటకు ఆ మగ్గాల మీది మనిషి అన్నానికని బిస్సీకి పోతడు. మగ్గాలు వాటి పాటికవి నడుస్తనే ఉంటయి. వెనక తలుపు కూడ తీసే ఉంటది."

ఎందుకు చెబుతున్నారని అతను అడగలేదు. అడిగి ఉంటే, ఊరికే చెప్పానని అనేవాణ్ని. కరెంటు మెయిన్ దించమని నేను అనలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆ ఒక్క ముక్కను పట్టుకునే అన్నం తిన్నాను.

మంగళవారం ఒంటిగంటా పది నిమిషాలకు మగ్గాలు ఆగాయి.

నేను సుశీలకు జావ తాగిస్తున్నాను. ఆమె నోట్లోని చెంచాను వదలకుండా అలాగే ఉండిపోయింది. మా ఫ్యాను తిరుగుతూనే ఉంది. దూరంగా మిగతా కార్ఖానాలు నడుస్తున్నాయి. మా గోడ ఒక్కటే మౌనంగా ఉంది.

"కరెంటున్నది గద. ఎవరు బంద్ వెట్టిన్రు?"

"రిపేరు పనేమో," అన్నాను.

ఆమె తల పక్కకు వాల్చింది. నుదుటి మీద మూడు వారాలుగా ఉన్న ముడత నెమ్మదిగా విడిపోవడం చూశాను. చిన్నగా గురక కూడా వచ్చింది. జావ గిన్నె కింద పెడితే చప్పుడవుతుందని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను. ఏభై నిమిషాలు. పెళ్లయ్యాక నేను ఆమెను అంతసేపు చూస్తూ కూర్చున్నది అదొక్కసారే.

రెండు గంటలకు గోడ అవతల పన్నెండు మగ్గాలూ ఒక్కసారిగా కదిలాయి. మరుక్షణమే ఏవో విరిగిన చప్పుడు, ఎవరో అరిచిన కేక. సుశీల ఉలిక్కిపడి లేచింది. జావ ఆమె చీర మీద ఒలికింది.

కరెంటు పోగానే నడిపే మనిషి ఒక్కొక్క మగ్గం దగ్గరికి వెళ్లి హ్యాండిల్ దించాలి. దించకపోతే కరెంటు వచ్చినప్పుడు మగ్గాలన్నీ ఎక్కడివక్కడ కదులుతాయి. అడ్డపోగు లాగే షటిల్ వేగం చాలక పోగుల మధ్యలోనే ఇరుక్కుంటుంది. దువ్వెనలాంటి ఇనుప ఫణి వచ్చి దాన్ని గుద్దుతుంది. పోగులు వందల్లో తెగిపోతాయి. యాదయ్య మెయిన్ దించి వచ్చేశాడు. హ్యాండిళ్లు బిస్సీలో తిని వచ్చే మనిషి చూసుకుంటాడనుకున్నాడు. ఆ మనిషి కంటే ముందు సేటు వచ్చాడు. ఊళ్లో కార్ఖానాలన్నీ నడుస్తుంటే తనదొక్కటే ఆగి ఉండటం చూసి, కోపంతో, మగ్గాల వైపు చూడకుండానే మెయిన్ ఎత్తాడు.

వెనక తలుపులోంచి యాదయ్య బయటికి రావడం చాయ్ బండి దగ్గర ఇద్దరు చూశారు. సాయంత్రం కార్ఖానా ముందు అందరూ చేరి అడిగితే యాదయ్య కాదనలేదు.

"పోలీసు చౌకీకి పోతే రెండు దిక్కుల పైసలు పోతయి. మనల మనమే పంచాయితీ తెంపుకుందాం," అన్నాడు రాజలింగం. ఆయన మా కుల సంఘం పెద్ద. ముందు నష్టం ఎంతో తేల్చాలి, దానికి ఇరుపక్షాలూ నమ్మే మనిషి కావాలి అన్నారు. అందరూ నా వైపు తిరిగారు.

"సార్ ఉండంగ ఇంకెవరు? సార్ సేటు మనిషి కాడు, యాదయ్య మనిషీ కాడు."

నేను చెప్పవలసింది అక్కడే. చెప్పలేదు. కాగితం, పెన్ను తీసుకుని కార్ఖానాలోకి వెళ్లాను.

నాలుగు మగ్గాలు దెబ్బతిన్నాయి. మగ్గాలు బాగుచేసే జాబర్ హనుమాండ్లు బ్యాటరీ లైటు పట్టుకుని ముందు నడిచాడు. పడుగు చుట్టిన ఒక్కొక్క భీము మీద రెండు వేల నాలుగు వందల పోగులుంటాయి. తెగినవాటిని అతను వేళ్లతో పక్కకు దువ్వుతూ లెక్కపెట్టాడు, నేను రాసుకున్నాను. మొదటిదానిలో ఐదు వందల ఎనభై. రెండోదానిలో మూడు వందల పన్నెండు. మూడో మగ్గం దగ్గర షటిల్ రెండు ముక్కలై ఉంది.

"నాలుగు భీములు కొత్తయి కట్టాలె," అన్నాడు బుచ్చిరాములు. "నలభై రెండు వేలు. ఒక్క రూపాయి తక్కువ కాదు."

ఆయన బయటికి వెళ్లాక నేను హనుమాండ్లును అడిగాను. "ఈ పోగులు అతకడానికి రావా?"

"ఎందుకు రావు సార్? చెయ్యి తిరిగినోడు మూడు దినాలల్ల అతుకుతడు." బ్యాటరీ ఆర్పేశాడు. "ఇంకో ముచ్చట. మెయిన్ దించుడు తప్పే. కని హ్యాండిల్ చూడకుంట ఎత్తుడు ఇంకా పెద్ద తప్పు. ఎత్తకపోతే ఒక్క పోగు తెగకపోవు. గిది సేటు ముంగట నన్ను చెప్పమనకున్రి, నాకు పిల్లలున్నరు."

అతని కోసం నేను చెబుతానన్నాను. ఇంకొకరి కోసం ధైర్యంగా మాట్లాడటం నాకు ఎప్పుడూ కష్టం కాలేదు.

మే మొదటి శుక్రవారం సంఘం హాలులో పంచాయితీ కూర్చున్నది. యాదయ్యను మధ్యలో నిలబెట్టారు.

"లోపలికెందుకు పోయినవ్‌రా?" రాజలింగం అడిగాడు.

"దూపయింది. నీళ్లకు పోయిన."

"నీళ్లు తాగవోయి మెయిన్ గుంజినవా?" వెనక నుంచి ఎవరో అన్నారు.

"చెయ్యి తాకింది."

"గంత మీద ఉన్న మెయిన్‌కు చెయ్యెట్ల తాకుతది? నువ్వేమన్న కొంగవా, మెడ సాపితే అందనీకి?"

హాలంతా నవ్వింది. యాదయ్య కూడా కొంచెం నవ్వాడు, నవ్వితే వదిలేస్తారని కాబోలు. బుచ్చిరాములు లేచాడు.

"కక్ష! పోయిన దీపావళికి నా దగ్గర పని అడిగిండు. లేదన్న. గదే మనసుల వెట్టుకున్నడు. లేకుంటె పరాయోని కార్ఖానల వీనికేం పని, మీరే చెప్పున్రి."

యాదయ్య నా వైపు చూడలేదు. ఒక్కసారి చూసి ఉంటే నేను నోరు విప్పేవాణ్నేమో అని ఇప్పటికీ అనుకుంటాను. అలా అనుకోవడం కూడా తప్పును అతని మీదికి నెట్టడమే.

నా వంతు వచ్చింది. తెగిన పోగులు ఎన్నో చదివాను. కొత్త భీములు అక్కర్లేదని, అతకడానికి కూలీ, రెండు ఫణులు, రెండు షటిళ్లు, పాడైన బట్ట, మూడు రోజుల పని నష్టం, అన్నీ కలిపితే ఇరవై నాలుగు వేలకు మించదని చెప్పాను. హ్యాండిళ్లు చూడకుండా మెయిన్ ఎత్తినందుకు అందులో సగం సేటు భరించాలని కూడా అన్నాను. బుచ్చిరాములు ముఖం ఎర్రబడింది.

"నా ఇంట్ల నేను లైటేసుకున్నా తప్పేనా సార్?"

గంట సేపు వాదించుకున్నారు. చివరికి ఆయన పదిహేను వేలకు దిగాడు. ఒక షరతు పెట్టాడు. "పైసలు పోతే పోయినయి. కని గీ యాదయ్య గాని, వాని ఇంటోళ్లు గాని నా గల్లీల అడుగువెట్టద్దు. ఖోలీ ఖాళీ చెయ్యాలె. గిది ఒప్పుకుంటెనే."

రాజలింగం నన్ను చూశాడు. నేను వేసిన లెక్కలోంచి కూడా తొమ్మిది వేలు తగ్గాయి. దానికి గల్లీ మారడం పెద్ద విషయం కాదని నాకు అనిపించింది. శాంతి నగర్‌లో ఖోలీలు దొరుకుతాయి. ఆగమ్మ సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదంటే ఎవరూ నమ్మరు. తట్టింది. వెనక సందులోంచి వస్తుందిలే అనుకున్నాను.

"సరే," అన్నాను.

తీర్పు నేనే రాశాను. అనుమతి లేకుండా ప్రవేశం, నష్టం వివరం, పరిహారం పదిహేను వేలు మూడు నెలల్లో, గల్లీలోకి రాకూడదనే షరతు. ప్రవేశానికి కారణం అనే చోట పెన్ను ఆగింది. "కక్ష" అని రాయమన్నాడు బుచ్చిరాములు. రుజువు లేనిది రాయకూడదన్నాను. "తెలియలేదు" అని రాశాను. సంతకాలయ్యాయి.

"సార్ ధర్మంగ తెంపిండు," అన్నారు బయటికి వస్తూ. మెట్ల దగ్గర యాదయ్య నా కోసం ఆగి ఉన్నాడు.

"మీరు లేకపోతే నలభై రెండు వేలు వడుతుండె సార్," అన్నాడు. ఆ మాటలో వెటకారం కోసం వెతికాను. లేదు.

మరుసటి ఉదయం ఆగమ్మ రాలేదు. బడికి ఎండాకాలం సెలవులిచ్చారు కనుక ఇంట్లో నేనే ఉన్నాను. సుశీలకు స్నానం చేయించడం నాకు చేతకాలేదు. తువ్వాలు తడిపి తుడిచేవాణ్ని. జడ వేయబోతే వెంట్రుకలు నా వేళ్లకు చుట్టుకునేవి. ఆమె పళ్లు బిగపట్టి, "ఉండనియ్యి, బాగనే ఉన్నది" అనేది.

"ఆగమ్మ ఎందుకొస్తలేదు?"

"ఊరికి పోయింది."

"నాకు చెప్పకుంటనా?"

"నువ్వు పడుకున్నప్పుడు వచ్చి చెప్పింది."

"నేనెప్పుడు పండుకున్న?" అంది సుశీల. చాలాసేపు నన్నే చూసింది. తర్వాత కళ్లు పైకప్పు వైపు తిప్పుకుంది.

వారం తర్వాత ధామన్కర్ నాకా చౌరస్తా దగ్గర ఆగమ్మ కనిపించింది. మందులు కొని ఆటో కోసం నిలబడ్డాను. ఆమె రోడ్డు దాటి పరుగున వచ్చింది.

"అక్కకెట్లున్నది సార్? తింటున్నదా?"

"నిన్నే అడుగుతున్నది. వెనక సందులోంచి ఒక్కసారి రా ఆగమ్మా. ఎవరూ చూడరు."

ఆమె తల అడ్డంగా ఊపింది. "పంచుల మాట సార్. నేను తప్పితే ఆయనకు ఇంకేడ పని దొరుకుతది? ఇప్పటికే మిషన్లు పాడువెట్టినోడని ఇద్దరు సేట్లు వాపస్ పంపిన్రు. శాంతి నగర్ల ఒకాయన తక్కువ పగార్ మీద పెట్టుకున్నడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "ఎందుకు పోయినవయ్యా లోపలికంటే నాకు కూడ చెప్పడు. అడిగి అడిగి నోరు వోయింది. మీ మాటంటే వింటడు. మీరన్న ఒకసారి అడుగున్రి సార్."

అడుగుతానన్నాను. ఆటో ఎక్కాను.

జూన్ పదకొండున సుశీల చనిపోయింది. పొద్దున ఆరింటికి, పాళీ మారే ముందు. సంగతి తెలిసి బుచ్చిరాములు ఎవరూ అడగకుండానే మగ్గాలన్నీ ఆపించాడు. గల్లీ ఆడవాళ్లు వాకిట్లో చీరలు అడ్డం కట్టి ఆఖరి స్నానం పోశారు. మంచివాళ్లే. కానీ తొందరలో ఉన్నారు. చీర అంచు పక్కనుంచి ఒకామె సుశీల జడ విప్పడానికి లాగడం కనిపించింది. నేను "మెల్లగా" అన్నాను. ఎవరికీ వినిపించలేదు.

పన్నెండో రోజు గడిచాక బుచ్చిరాములు ఇంటికి వెళ్లాను. ఆయన కుర్చీ చూపించాడు. కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ మాటలు వెతుక్కుంటానని భయం.

"ఆ రోజు యాదయ్యను పంపింది నేనే," అన్నాను. "మా ఆమె ఒక గంట నిద్రపోవాలని. ఎప్పుడు పోవాలో, ఏ తలుపులోంచి పోవాలో నేనే చెప్పాను. పంచాయితీలో అన్నీ తెలిసి, తెలియలేదని రాశాను."

ఆయన తిడతాడని అనుకున్నాను. మెడలోని తువ్వాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

"నేను రోజు అడిగిన గద సార్, అమ్మకెట్లున్నదని. రోజు అడిగిన." తువ్వాలును మడిచి మళ్లీ విప్పాడు. "ఒక్కసారి చెప్తే ఒక్క గంట ఏంది, పగలంత బంద్ వెడుదును. నా తల్లి గూడ గా గోడ పక్కనే పోయింది. నీకెరుక లేదా?"

నాకు తెలుసు. నేనే ఆయన తల్లి కర్మకాండకు కార్డు రాసిపెట్టాను.

"పగలంతా బంద్ పెట్టేవారా నిజంగా?" అని అడగాలనిపించింది. అడగలేదు. పెట్టేవాడో కాదో తేల్చే దారి ఇప్పుడు లేదు. ఆ దారిని మూసింది నేనే.

"ఇప్పుడెందుకు సార్ గివన్ని," అన్నాడు చివరికి. "పెండ్లాం వోయిన దుఃఖంల ఉన్నవ్. యాదయ్య కట్టిన పైసలు నేను చుప్‌చాప్ వాపస్ ఇస్త. నీ ఇజ్జత్ నీకుంటది."

"హాలులోనే చెబుతాను," అన్నాను.

చెప్పాను. రాజలింగం పంచులను మళ్లీ కూర్చోబెట్టాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు, కొంగ మాట ఎవరూ అనలేదు. పాత తీర్పు రద్దు చేసి, పరిహారం నా మీద వేశారు. కాగితం రాయడానికి వేరే మనిషిని పిలిచారు. అతను కారణం అనే చోట నా పేరూ నా మాటలూ రాస్తుంటే, నేను పక్కన నిలబడి రెండు చోట్ల సరిచేయించాను. వెళ్లేటప్పుడు రాజలింగం, "పిల్లలకు పాఠం చెప్పేటోనివి," అని మాత్రం అన్నాడు.

ఆ ఆదివారం శాంతి నగర్ వెళ్లాను. రెండు కార్ఖానాల మధ్య సందులో, మెట్ల కింద ఖోలీ వాళ్లది. యాదయ్య అప్పుడే పాళీ దిగి వచ్చాడు, ఒంటి నిండా దూది నూగు. అతను కట్టిన పది వేలు, తక్కువ జీతం వల్ల పోయిన రెండు నెలల తేడా, ఖోలీ మారిన ఖర్చు, అన్నీ కలిపి ఒక కవరులో పెట్టుకుని వెళ్లాను. గల్లీలోకి రాకూడదనే షరతు కూడా కొట్టేశారని చెప్పాను. నన్ను క్షమించమని అడిగాను.

"అయ్యో, గంత మాటెందుకు సార్," అన్నాడు యాదయ్య. కవరు తీసుకోవడానికి ఇబ్బంది పడ్డాడు. "పెద్దోళ్లు మీరు. అక్క ఆ దినం పండుకున్నదా లేదా, గదొక్కటి చెప్పున్రి."

"పడుకుంది. ఏభై నిమిషాలు."

అతను తల ఊపాడు. ఆ మాట చాలన్నట్టు గోడకు ఒరిగాడు.

ఆగమ్మ అప్పటిదాకా స్టౌ దగ్గర, మాకు వీపు పెట్టి కూర్చుని ఉంది. సంగతి ఆమెకు ముందే తెలిసింది. ఇప్పుడు లేచి వచ్చింది. కవరు వైపు చూడలేదు.

"రెండు నెలలు ఈ మనిషిని నేను దొంగను చూసినట్టు చూసిన," అంది. "ధామన్కర్ నాకా దగ్గర మిమ్ములనే అడుగుమన్న. అడుగుత అన్నరు."

"అన్నాను."

"అక్కకు ఆఖరి స్నానం ఎవరు పోసిన్రు సార్?"

"గల్లీ వాళ్లు."

"రోజు నేను వోసిన. ఆ దినం ఎవరో పోసిన్రు. నేను గీ సందుల కూసొని ఏడ్చిన." ఆమె గొంతు పెంచలేదు. "భీముకింత, ఫణికింత, షటిల్‌కింత అని రాసిన్రంట గద మీరు. దీనికెంత రాస్తరు?"

"ఊకో," అన్నాడు యాదయ్య.

ఆమె ఊకోలేదు. ఇంకోసారి అడిగింది.